వేరు నోటికి దోసెడు సున్నం

శ్రావణ బహుళ తదియ

గాలి ఆగ్నేయం. మంచినీళ్ల తొట్టి సగం నిండింది. వేరు మందం మూడు జానలకు రెండు వేళ్లు తక్కువ.

డాక్టర్ హేమనళిని ఈ నడి తెప్ప మీద నిలబడి, మీ వేరు గురించి ఏం తెలిసినా ముందు మీకే చెప్తాం అని మాటిచ్చి నలభై ఏళ్లు దాటింది. అప్పుడు ఆవిడ చేతిలో ఉన్న గాజు సీసాలో మా తెప్ప ముక్క ఉంది. కోసి ఇచ్చింది నేనే. తొమ్మిది తెప్పల వాళ్లూ వంతులేసుకుని ఏడాది పొడుగునా ఆవిడ పడవ లాగారు, వేరు నీళ్లు తాగే గుంటల్లోకి, మేం వేరు నోళ్లంటాం, దిగి కొలతలు తీశారు, రొయ్యల పులుసు వండిపెట్టారు. ఆవిడ ఒడ్డుకి వెళ్లి పత్రం రాసింది. పత్రం విజ్ఞాన నిధిలో తాళం లోపలికి వెళ్లింది. అంతే, మళ్లీ ఆవిడ పడవ ఇటు తిరగలేదు.

తెప్ప పెద్దగా ఈ దినచర్య రాయడం నా పని. గాలి, నీళ్లు, వేరు మందం రాస్తే చాలు. మిగతాది నా ఒళ్లుమంట కొద్దీ రాస్తున్నాను.

వేరు పలచబడుతోంది. సముద్రం దివిసీమను మింగాక మా తాతలు నాటిన తేలే గడ్డి ఇది. దీని వేళ్లే మాకు నేల. నడి తెప్పలో రెండు వేళ్లు తగ్గితే తూర్పు తెప్పలో జానెడు తగ్గింది. అక్కడ నడుస్తుంటే పరుపు మీద నడిచినట్టుంది. కార్తీకంలో తుఫాన్లు వస్తాయి. ఈ వేరుతో వాటికి ఆగం.

శ్రావణ బహుళ ఏకాదశి

గాలి పడిపోయింది. వేరు మందం మూడు జానలకు మూడు వేళ్లు తక్కువ.

నిధివాళ్లు నెలనెలా కొత్త పత్రాల పేర్లు పంపుతారు. పేర్లు ఎవరైనా చదవొచ్చు, లోపలి మాట చదవాలంటే హక్కు ఉండాలి. నిధిలో ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దినందుకు పింఛనుతో పాటు నాకు చదువు పలక ఇచ్చారు. బొటనవేలు ఆనిస్తే తెరుచుకుంటుంది. తెరుచుకునే ముందు, చదివింది నోటితో గాని చేత్తో గాని బయట పెట్టనని ప్రమాణం చేయిస్తుంది. పేజీ తిప్పితే వెనక పేజీ ఉండదు, మళ్లీ మొదటినుంచి తెరవాల్సిందే.

ఈ నెల జాబితాలో ఒక పేరు కనపడింది. తేలే వేరు పలచబారడం, కారణం, చికిత్స. హేమనళిని శిష్యులు రాశారు. ఆధారం, నలభై ఏళ్ల కిందట తీసిన నమూనాలు. అంటే నేను కోసి ఇచ్చిన ముక్క.

మధ్యాహ్నం కూర్చుని చదివాను. నా జన్మలో ఎన్నో పత్రాలు దిద్దాను. వాటిలో సగం ఉద్యోగోన్నతి కోసం రాసినవి, పావు వంతు పక్కవాడి మీద కక్షతో రాసినవి. ఇది అలాంటిది కాదు. 

తొమ్మిది తెప్పల వేరూ ఒకటేనట. ఒకే ప్రాణి. మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడ ఆ ఒంటి వెచ్చదనానికి వేరు మందమవుతుందట. మేం దాన్ని సాకుతున్నామని ఇన్నాళ్లూ అనుకున్నాం. అది మమ్మల్ని మోస్తోందని, ఎవరు ఎక్కడున్నారో తెలిసి మోస్తోందని నాకు ఎవరూ చెప్పలేదు. సముద్రం పులిసిపోయి సున్నం కరువయ్యేసరికి, అంచుల్లో ఉన్న సున్నాన్ని లాక్కుని నడి తెప్పను నిలబెట్టుకుంటోంది. ఇది తెగులు కాదు, ఆకలి.

చికిత్స రెండు వాక్యాలు. వేరు నోటికి దోసెడు కాల్చిన సున్నం, పున్నమి పోటులో. అదే నోట్లో రెండో దోసెడు పడితే వేరు రాయవుతుంది.

పలక మూసి గునపం తీసుకుని మంచం కింద వేరు కొలిచాను. నా వైపు మూడున్నర జానలుంది. నా భార్య పోయి ఏడేళ్లయింది. ఆమె పడుకున్న వైపు ఇంకా మూడు జానలుంది. ఈ నేల ఆమెను నెమ్మదిగా మరిచిపోతోంది, నాకంటే నెమ్మదిగా. 

భాద్రపద శుద్ధ పాడ్యమి

గాలి తూర్పు. వేరు కొలవలేదు.

నాంచారమ్మ వచ్చింది. నా భార్యకు చెల్లెలు, తూర్పు తెప్ప మీద ఆల్చిప్పలు కాల్చి సున్నం చేస్తుంది. ఆమె ఇంటి గుమ్మం ముందు నేల మెత్తబడి పీట దిగబడిందని చెప్పింది. మందు ఉందని చెప్పాను. ఏంటో చెప్పమంది. ప్రమాణం సంగతి చెప్పాను.

"బావా, నీ నోరు మా అక్క బతికున్నన్నాళ్లూ మూతపడలేదు. ఇయ్యాల మూతపడిద్దా?"

 ఆమె నా ఎంగిలి పళ్లెం ఎత్తి తీసుకుపోతూ, సున్నమైతే కావలసినంత తన దగ్గరే ఉందని, మందు ఇంకేదైనా అయితే ఎక్కడినుంచి తేవాలో ఇప్పుడే చెప్పమని అంది. సున్నం అన్న మాట ఆమె నోటినుంచే రావడంతో నాకు నవ్వొచ్చింది. అది చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ప్రమాణం మొదటిసారి అక్కడే తప్పాను, నవ్వుతో.

సాయంత్రం తిరుపతమ్మను పిలిపించాను. బుర్రకథ చెబుతుంది, ఊళ్లో ఆమె గొంతు వినని తెప్ప లేదు. ఆమె వంతలు ఇద్దరూ వచ్చారు, నవ్వించే మోపిదేవి, రాజకీయం చెప్పే బాజీ. సంగతి విని బాజీ, ఎవరు చెప్పారో తెలియకుండా రేడియోలో వదిలేద్దాం, నిధివాళ్లు ఎవర్ని పట్టుకుంటారు అన్నాడు. కుదరదన్నాను. చీకట్లో మీరిన చట్టం తెల్లారితే మళ్లీ చట్టమే. నా పేరుతో, ముందుగా నిధికి తెలియజేసి, ఫలానా రోజు ఫలానా పత్రం పాడబోతున్నాం, వచ్చి పట్టుకోండి అని చెప్పి పాడాలి. తప్పు చేస్తున్నది నేనో తాళం వేసినవాళ్లో అందరి ముందూ తేలాలి.

బాజీ మొహం చిట్లించుకున్నాడు. "పలక పోద్ది తాతా. అది లేకపోతే నువ్వేం చేస్తావు?"

ఆ ప్రశ్న నన్ను నేను అప్పటికే వేసుకున్నాను. రెండు కళ్లూ మసకబారినా పలక అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తుంది. దానిలో ప్రపంచంలోని పుస్తకాలన్నీ ఉన్నాయి. నాకు మిగిలింది అదొక్కటే.

తిరుపతమ్మ నా తరఫున సమాధానం చెప్పింది. "దొంగతనంగా పాడితే జనం దొంగసొత్తులాగే వింటారు బాజీ. పేరు చెప్పే పాడదాం."

భాద్రపద శుద్ధ దశమి

గాలి తూర్పు, జోరు. వేరు మందం రెండున్నర జానలు.

రోజూ ఒక భాగం చదివి గుర్తుపెట్టుకుని సాయంత్రం తిరుపతమ్మకు చెబుతున్నాను. ప్రూఫులు దిద్దినవాడికి అక్షరం జారదు. ఆమె విన్నదాన్ని తంబురా మీద వేళ్లు ఆడిస్తూ పాటగా మారుస్తుంది. నేను ప్రతి పాదాన్నీ పత్రంతో సరిచూశాను. ఒక్క అంకె మారలేదు. ముప్ఫై ఏళ్లలో ఏ రచయితా నాకు ఇంత శుభ్రమైన ప్రతి ఇవ్వలేదు.

రాసినవాళ్ల పేర్లు పాటలో ఉండితీరాలని పట్టుబట్టాను. వాళ్ల కష్టం వాళ్లది. తాళం మీదే నా గొడవ. ఆరుగురి పేర్లు విని మోపిదేవి అడిగాడు.

"మొదటి అయిదుగురూ ఏం చేశారో పాటలో ఉంది. ఈ ఆరో ఆయన ఏం చేశాడు తాతా?"

"ఆయన శాఖకు అధిపతి."

"అంటే?"

"టీ తాగాడు."

మోపిదేవి ఆ మాటను కథలో పెట్టుకున్నాడు.

తూర్పు తెప్ప మీద మేడ ఇంట్లో ఉండే మేష్టారి దగ్గరికి వెళ్లాను. ఊళ్లో చదువు పలక ఉన్న రెండో మనిషి ఆయనే. ఒడ్డున పెద్ద కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాడు. మేం వారానికోసారి పులిజూదం ఆడుకుంటాం. ఆయన వంటింటి కిటికీ నాంచారమ్మ గుమ్మం వైపే ఉంటుంది, ఆమె ఆ కిటికీలోంచే కూర గిన్నె అందిస్తుంది. పత్రం పేరు చెప్పి మీరూ చదవండి, పాటలో ఏదైనా పొరపాటు దొర్లితే పట్టుకోవడానికి రెండో మనిషి ఉంటాడు అన్నాను. చదువుతానన్నాడు. మీరు చేసేది తప్పని అనను, నేను మాత్రం చెయ్యను అని కూడా అన్నాడు. ఆ మాట నాకు నిజాయితీగానే వినిపించింది.

భాద్రపద పౌర్ణమి

గాలి లేదు. పోటు నిండుగా ఉంది.

నిన్న సాయంత్రం నడి తెప్ప మీద కథ మొదటి సారి చెప్పారు. నిధివాళ్ల పరిశీలన పడవ వచ్చి కాస్త దూరంలో నిలబడింది, ఎవరూ దిగలేదు. తిరుపతమ్మ వేరు ఆకలి గురించి పాడుతుంటే వంతలు డక్కీలు మోగించారు. మనిషి పడుకున్నచోట వేరు మందమవుతుందన్న చోట పాట ఆపి ఊరుకుంది. జనంలో ఒక ముసలావిడ వంగి నేలకు చెవి ఆనించింది. ఆమెను చూసి ఇంకొకరు. చూస్తుండగానే మూడు వందల మంది నేలకు చెవులు ఆనించి పడుకున్నారు. ఎవరికి ఏం వినపడిందో నాకు తెలియదు. అంతమంది ఒక్కసారిగా అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. నేనూ పడుకున్నాను. ఈ మోకాళ్లతో లేవడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది.

ఇవాళ పొద్దున్న నడి తెప్పవాళ్లు వేరు నోటికి దోసెడు చొప్పున సున్నం వేశారు. ఒక నోరు, ఒక మనిషి, ఒక దోసెడు. సాయంత్రం తూర్పు తెప్ప మీద కథ. నేను దానికి ఉండను. ఒడ్డుకి వెళ్లి లొంగిపోతానని రాసిచ్చాను, పడవ సిద్ధంగా ఉంది.

భాద్రపద బహుళ విదియ, ఒడ్డున

ఇక్కడ వేరు లేదు. కాలి కింద నేల కదలదు, అందుకు ఒళ్లు తిరుగుతోంది.

నిధి అధికారి చిన్న వయసు మనిషి, మర్యాద తెలిసినది. నాకు కుర్చీ వేయించింది. కాగితం, వెలుగు, యంత్రం వీటితో నకలు తీయడం నేరమని చట్టంలో ఉందట. పాడటం గురించి ఎక్కడా లేదట. అందుకని నన్ను ప్రమాణం తప్పిన నేరం కిందే పట్టుకున్నారు. చెప్పుకోవడానికి ఏమైనా ఉందా అని అడిగింది.

చాలా ఉందన్నాను. ఆ పరిశోధన మా నేల ముక్కతో, మా కూలితో, మా పన్నుతో జరిగింది. తీరా మా కాళ్ల కింద నేల కరిగిపోతుంటే దాని మందు చదివే హక్కు మాకు లేదన్నారు. చదివినవాడు పక్కింటివాడికి చెప్పకూడదన్నారు. నేను చేసిన ప్రమాణం నాకు గుర్తుంది. దాన్ని తేలిగ్గా తప్పలేదు. అలాంటి ప్రమాణం మనిషి చేత చేయించకూడదని తెలిసి, శిక్షకు సిద్ధపడి తప్పాను. నన్ను వదిలేయమని అడగను. చట్టం ఉన్నన్నాళ్లూ శిక్ష వెయ్యండి. వేసిన ప్రతిసారీ ఎందుకు వేస్తున్నారో పైకి చదవండి.

ఆమె అంతా రాసుకుంది. పలక తీసుకుంది, అదే శిక్ష. బొటనవేలి గుర్తు కొట్టేశారు. ఇక ఈ లోకంలో ఏ పలకా నాకు తెరుచుకోదు.

బయటికి వస్తుంటే గేటు దగ్గర కాపలా మనిషి ఏదో కూనిరాగం తీస్తోంది. ఆగి విన్నాను. వేరు నోటికి దోసెడు సున్నం. పాట నాకంటే ముందే ఒడ్డు చేరింది. ఆ ఆశ్చర్యంలో పలక పోయిన సంగతి కాసేపు మరిచిపోయాను.

భాద్రపద బహుళ చవితి

గాలి ఈశాన్యం. నడి తెప్ప వేరు మూడు జానలు. పట్టు దొరికింది.

పడవలో వస్తూ దూరం నుంచే చూశాను. తూర్పు తెప్ప తెల్లగా మెరుస్తోంది. ఎండలో శంఖంలా, కళ్లు చెదిరేలా. అంత అందమైనదాన్ని నేను చూడలేదని రాయడానికి సిగ్గుగా ఉంది, కాని నిజం. వేరంతా రాయైపోయింది. బరువుకి అది మెల్లగా దిగుతోంది, ఇళ్లతో, దండేలతో, తులసి కుండీలతో, ఎక్కడా వంగకుండా. జనం అప్పటికే పక్క తెప్పలకు దాటేశారు.

తెప్పకూ తెప్పకూ మోకులు కట్టి ఉంటాయి. ముడి అంచు తెప్ప వైపు వేస్తాం, పూర్వం నుంచీ అంతే; నడి తెప్ప వైపు మోకు వేరులో కలిసిపోయి కత్తికి అందదు. తూర్పు తెప్ప మునిగితే మోకులతో నడి తెప్పను కూడా లాగేస్తుంది. నాంచారమ్మ కత్తి పట్టుకుని తూర్పు తెప్ప మీదే, ముడుల దగ్గర ఉంది. ఒక్కొక్కటే కోస్తోంది. నేను పడవలోంచి పిలిచాను. తలెత్తి చూసింది.

"వచ్చావా బావా. వదిలేశారా నిన్ను?"

ఇటు దూకమని అరిచాను. ఇంకో మోకు ఉందంది. అది కోసింది. కోయగానే తూర్పు తెప్ప ఊపిరి వదిలినట్టు ఒక్కసారిగా దిగిపోయింది. నీళ్లలో లోతుకు ఆ తెలుపు చాలాసేపు కనపడింది. ఆమె కనపడలేదు.

ఏం జరిగిందో తిరుపతమ్మ చెప్పింది. తూర్పు తెప్పవాళ్లు మోకు లాగినా, వల గుంజినా, నారు నాటినా పాట లేకుండా పని చెయ్యరు. కథ విని మర్నాడు సున్నం వేసే ఓపిక వాళ్లకు లేదు, వాళ్ల వేరు అంత పలచబడింది. ఆడవాళ్లు వేరు నోళ్ల కాలవకు అటూ ఇటూ నాట్ల వరసల్లో ఎదురెదురుగా నిలబడ్డారు. కథకురాలు పాదం పాడితే ఈ వరస దోసిలి వంచింది. వంతలు అదే పాదం అందుకుంటే అవే నోళ్లలో ఆ వరస దోసిలి వంచింది. ఎవరూ రెండు దోసెళ్లు వెయ్యలేదు. ప్రతి ఆడమనిషీ ఒక్కటే వేసింది. రెండో దోసెడు రాయి చేస్తుందని పాటలో విన్నప్పుడు అందరూ తల ఊపారు, ఎవరికి వాళ్లు తాము వెయ్యలేదనుకుని. కిందనుంచి చూస్తే ఎదుటి మనిషి చేతులు నీళ్ల చీకట్లో కనపడవు. తిరుపతమ్మ పడవలో నిలబడి పాడుతోంది, ఆమెకు తలలే కనిపించాయి.

చెబుతున్నంతసేపూ ఆమె తంబురా తీగలు విప్పేస్తూ ఉంది.

భాద్రపద బహుళ షష్ఠి

గాలి ఈశాన్యం. వేరు మూడు జానల మీద ఒక వేలు.

రెండు వరసలూ కనపడాలంటే పైనుంచి చూడాలి. తూర్పు తెప్ప మీద మేడ ఇల్లు ఒక్కటే. మేష్టారు పడమటి తెప్పలో చెల్లెలి ఇంట ఉన్నాడని తెలిసి వెళ్లాను. ఎప్పుడు వచ్చారని ఆవిడను అడిగాను. పున్నమి నాడే, కథ అవుతుండగానే, పెట్టె సర్దుకుని వచ్చాడంది. తెప్ప తెల్లబడటం మర్నాడు గాని ఎవరూ చూడలేదు.

ఆయన పలక ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఆర్పేశాడు. పత్రం చదివారా అన్నాను. చదివానన్నాడు. కిటికీలోంచి చూశారా అన్నాను.

"చూశాను. నోటికి రెండేసి పడ్డాయి."

"ఒక్క కేక వేస్తే సరిపోయేది గదయ్యా."

"ఎంత వెయ్యాలో చెప్పినట్టు అవుతుంది. అది పత్రంలో మాట. నేను ప్రమాణం చేశాను."

"ఊరంతా పాడుతున్న మాటే గదా."

"వాళ్లు పాడొచ్చు. నేను అవునని అనకూడదు." ఆర్పిన పలకను ఒళ్లోకి తీసుకుని అన్నాడు, "మీరు మీ అంతరాత్మ చెప్పినట్టు చేశారు. నేనూ అంతే."

నాంచారమ్మ కూర గిన్నె ఆయన కిటికీ గట్టు మీదే ఉండి మునిగిపోయి ఉంటుంది. అది అడగాలనుకున్నాను, అడగలేదు.

భాద్రపద బహుళ ఏకాదశి

గాలి మారుతోంది. నీళ్లు నిండాయి. నడి తెప్ప తిన్న సున్నం వేరు వెంట పాకి ఎనిమిది తెప్పలూ మూడు జానలు దాటాయి. నాంచారమ్మ కాల్చిన సున్నంతోనే.

నిధివాళ్ల ప్రకటన వచ్చింది. హక్కు లేనివాళ్ల చేతికి శాస్త్రం చిక్కితే ఏం జరుగుతుందో చూశారుగా, ఒక ప్రాణం పోయింది అని రాశారు. బాజీ కాగితం చింపబోతే ఆపాను. పైకి చదవమన్నాను, చదివాడు. తర్వాత నా జవాబు చెప్పాను, రాసి పంపాను కూడా. పత్రం అందరి చేతిలోనూ ఉంటే కాలవ గట్టు మీద చదివి చూసుకునే మనిషి ఒక్కరైనా ఉండేవారు. తెలిసినవాళ్లు ఇద్దరే అయ్యేటట్టు చేసింది తాళం. ఆ ఇద్దరిలో ఒకడు ఒడ్డున కుర్చీలో ఉన్నాడు.

తిరుపతమ్మ పది రోజులుగా పాడటం లేదు. ఇవాళ వెళ్లి కూర్చున్నాను. తప్పు తనదంది. కాదన్నాను. కొత్త పాదం ఒకటి కట్టమన్నాను, చేతులు చూసుకోమని, ఎదుటి మనిషినీ చూసుకోమని. వంతలు దాన్ని తిరిగి అందుకోకూడదు. తంబురా దించి తీగ బిగించింది. వచ్చే పున్నమికి సున్నం వెయ్యాలని పడమటివాళ్లు రేపు పొద్దున్నే కథకు పిలిచారు. నిధికి ముందుగానే తెలియజేశాం, ఈసారి ఆమె పేరుతో.

ఊళ్లో కొందరు నన్ను అంటున్నారు, అననీ. కొందరు తిరుపతమ్మను, కొందరు నాట్ల వరసను, కొందరు ముడి అటు వేసిన తాతల్ని. నిధిని అనేవాళ్లు ఎక్కువ, వాళ్లతో నేనూ ఉన్నాను. కాని తాళానికి కళ్లు లేవు, అది కిటికీలోంచి చూడలేదు. చూసింది ఒక మనిషి. చట్టాన్ని ఒక్క అక్షరం కూడా మీరకుండా, మంచి చొక్కాలు మడతపెట్టుకుని, పెట్టె మోసుకుని నాంచారమ్మ పక్కనుంచే నడిచి వెళ్లాడు. ఆయన పలక ఇప్పటికీ తెరుచుకుంటోంది. ఎప్పటికైనా ఎవరైనా ఈ దినచర్య చదువుతారు. వాళ్ల కోసం ఆ మేష్టారి పేరు రాసిపెడుతున్నాను, తప్పు లేకుండా, నేను దిద్దిన చివరి ప్రూఫు అనుకోండి.

గుండిమెడ పురుషోత్తమరావు.